అట్టబొమ్మతో ఇంటి భాష

పసిబిడ్డకు మనం నేర్పే మొదటి పాఠం ఓనమాలు కాదు. బిడ్డకు ఇంకా నిలబడడం చేతకాక ముందే ఒడిలో కూర్చుండబెట్టుకొని "ముక్కేది? చెవేది? బొజ్జేది?" అని అడుగుతాము. చిట్టి వ్రేలు ముక్కు మీదికి వెళ్ళిందంటే ఇల్లంతా పండుగే. ఈ పాఠానికి పుస్తకం లేదు, పలక లేదు, జీతం పుచ్చుకొనే పంతులు లేడు. ఆ తరువాత వచ్చేది బట్ట. "చెయ్యి ఎత్తు, తల దూర్చు, కాలు పెట్టు" అంటూ చొక్కా తొడిగే ప్రతి ఉదయమూ ఒక పాఠమే గదా! ఏ దేశంలోనైనా బిడ్డ చదువు తన ఒంటితోను, ఒంటి మీది గుడ్డతోను మొదలవుతుంది.

మన కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతపు తెలుగిండ్లలో కూడా ఈ పాఠం మొన్నమొన్నటి వరకు తెలుగులోనే జరిగేది. ఇప్పుడు ప్రశ్న తెలుగులో వేస్తే జవాబు తమిళంలో వస్తున్నది, లేదా ఇంగ్లీషులో వస్తున్నది. దానికి పిల్లలను కోప్పడి లాభం లేదు. బడి తమిళం, వీధి తమిళం, ఆటల తోడు తమిళం. మనకు కూడు పెట్టే భాష తమిళమే. మేము విరుదునగరంలో ఒక మండీ ఆఫీసులో పప్పులు, మిరపకాయల లెక్కలు వ్రాసే గుమాస్తాలము. ప్రతి ఉదయం కోవిల్‌పట్టిలో రైలెక్కి, సాత్తూరు మీదుగా సుమారు 50 కిలోమీటర్లు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతాము. ఆ పదిపన్నెండు గంటలలో మా నోట తెలుగు మాట రాదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పిన తరువాతనే భాష మారుతుంది.

మదురై నాయకుల కాలం నాటి నుండి ఈ నల్లరేగడి నేలలో తెలుగువారు ఉన్నారు. మనకు లిపి లేకపోయినా, బడి లేకపోయినా, భాష మాత్రం నాలుక మీద నిలిచింది. కోవిల్‌పట్టి ప్రక్కనే ఉన్న ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగింటి బిడ్డ. పెద్ద చదువులు చదవలేదు. అయినా ఉత్తరం నుండి వలస వచ్చిన మనవాళ్ళ కథను "గోపల్ల గ్రామం" అనే నవలగా 1976లో తమిళంలో వ్రాసినారు. దాని తరువాయిగా వచ్చిన నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2021లో వారు కాలం చేసినారు. వారు చేసిన మరొక గొప్ప పని ఈ కరిసల్ నేల జనం వాడే మాటలను ఏరి ఒక నిఘంటువుగా కూర్చడం. పల్లెటూరి నోటిమాటకు కూడా విలువ ఉన్నదని మాబోటివారికి ధైర్యం కలిగించినవారు వారు.

ఇక అసలు సంగతికి వస్తాము.

ఒంటి పేర్లలో తెలుగు తమిళాలు అక్కాచెల్లెళ్ళని ఎవరైనా పోల్చుకోవచ్చును. మన తల వారికి తలై, మన కన్ను కణ్, మన ముక్కు మూక్కు, మన కాలు కాల్, మన తొడ తొడై. మన చెయ్యి, వారి కై కూడా ఒక్క తల్లి బిడ్డలే. ఉంగరం పెట్టే వ్రేలిని మనం ఉంగరపు వ్రేలంటే వారు మోదిర విరల్ అంటారు. మాట వేరైనా ఆలోచన ఒక్కటే.

కాని అక్కాచెల్లెళ్ళ మధ్యనే చిక్కులు వస్తాయి. తమిళంలో చెవిని కాదు అంటారు. మా చిన్నది రెండవ తరగతి. ఒకనాడు వాళ్ళ అవ్వ చెవి పట్టుకొని "ఇది ఏమే?" అని అడిగితే, అది "కాదు" అన్నది. "కాదేమే, చెవి కాదా ఇది?" అని అవ్వ. "కాదే అవ్వా, కాదు!" అని మనుమరాలు. ఇద్దరూ ఒకే మాట అంటూ ఇద్దరూ పోట్లాడుతున్నారు. ఇది నవ్వుకొనే చిక్కు. నెత్తి అనే మాట దగ్గర వచ్చే చిక్కు అంత తేలికైనది కాదు. మనకు నెత్తి అంటే నడితల. తమిళ వ్యవహారంలో అదే మాటకు నుదురని అర్థం. నడితలను వారు ఉచ్చి అంటారు. "నెత్తిన దెబ్బ తగిలింది" అని మన ముసలమ్మ చెబితే, వినేవారు నుదుట వెదకుతారు.

మాటలో ఏముంది, వ్రేలితో చూపిస్తే సరిపోదా అని కొందరంటారు. నిరుడు మా ఇంట జరిగినది చెబుతాము. మేము విరుదునగరంలో ఉన్న వేళ మా అమ్మకు ఒంట్లో బాగులేక, ఎనిమిదవ తరగతి చదివే మా పెద్దవాడు ఆమెను ఆటోలో వైద్యశాలకు తీసుకుపోయినాడు. మా అమ్మకు తమిళం రాకపోలేదు. సంతలో బేరం చేయగలదు. కాని నొప్పి వచ్చినప్పుడు మనిషికి నోట వచ్చేది తల్లిభాషే. "డొక్కలో పొడుస్తున్నది, వీపు నుండి గజ్జల దాకా లాగుతున్నది" అని ఆమె మూలిగింది. డొక్క అంటే ఏమో, గజ్జలంటే ఏమో మావాడికి తెలియదు. "అవ్వకు కడుపు నొప్పి" అని తమిళంలో చెప్పినాడు. ఆ జనసమ్మర్దంలో కడుపు నొప్పికి మందిచ్చి పంపినారు. వైద్యుని తప్పు పట్టము, పిల్లవాని తప్పు అంతకన్నా లేదు. రెండు రోజులు ఆ తల్లి మెలికలు తిరిగిన తరువాత మరల చూపిస్తే, మూత్రపిండంలో రాయి అని తేలింది. డొక్కను తమిళంలో విలా అంటారు. ఆ రెండు అక్షరాలు ఆ పిల్లవాని నోట ఉంటే రెండు రోజుల బాధ తప్పేది కాబోలు.

ఆ రాత్రి మా ఇంటిలో ఒక లెక్క వేసినాము. మా అమ్మ నోట ఒంటి భాగాలకు ఎన్ని పేర్లున్నవి? కణత, కనుబొమ్మ, రెప్ప, దవడ, చుబుకం, మెడ, గూడ, చంక, మోచేయి, మణికట్టు, అరచేయి, డొక్క, నడుము, తుంటి, గజ్జ, తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ, అరికాలు. కాఫీ త్రాగి ముగించే లోపల నలభై దాటినవి. మావాడికి వానిలో పదునాలుగు తెలుసు. చిన్నదానికి తొమ్మిది. ఒక్క తరంలో మోచేయి పోయి "ఎల్బో" మిగిలింది. చీలమండకైతే మూడు భాషలలో ఏ పేరూ మిగలలేదు. "కాలికి అక్కడ" అంటారు, అంతే.

సరిగా ఆ రోజులలోనే చిన్నదానికి బడిలో చేతిపని ఇచ్చినారు. "నా శరీరం, నా దుస్తులు" అని ఒక అట్ట తయారు చేసి తేవాలి. ఈ కాలపు తల్లిదండ్రులకు ఈ చేతిపనుల సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి తొమ్మిదింటికి పిల్లకు జ్ఞాపకం వస్తుంది. దుకాణానికి పరుగెత్తితే అచ్చువేసిన బొమ్మ, అంటించే బట్టలు అన్నీ ఒకే సంచిలో సిద్ధంగా ఉంటవి. తల్లి కత్తిరిస్తుంది, తండ్రి అంటిస్తాడు, పిల్ల నిద్రపోతుంది. మరునాడు ముగ్గురికీ కలిపి ఒక నక్షత్రం వేస్తారు.

మేమూ ఆ సంచి తెచ్చినాము. బొమ్మ గులాబిరంగు ఒళ్ళు, పసుపుపచ్చ జుట్టు, నీలి కళ్ళు. మంచు దేశపు కోటు, మేజోళ్ళు. చిన్నది దాన్ని అటూ ఇటూ త్రిప్పి చూసి, "నాయనా, దీనికి నా రంగు వేయలేదే?" అని అడిగింది. కోవిల్‌పట్టి ఎండలో పుట్టిన ఆ బిడ్డ మన నేల రంగులోనే ఉంటుంది. ఆ ప్రశ్నకు మా దగ్గర మంచి జవాబు లేదు. అయితే ప్రతి ఇంట జూన్ నెలలో బడి పుస్తకాలకు వేసే గోధుమరంగు అట్టకాగితం చుట్ట అలమరలో ఉన్నది. దాన్ని తీసి, "ఇదిగోనమ్మా నీ రంగు" అన్నాము. అక్కడనే మా అట్టబొమ్మ పుట్టింది.

చేతిపనితో చదువు చెప్పడం క్రొత్త సంగతేమీ కాదు. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో పసిపిల్లల కోసం మొదలుపెట్టిన బడిలో కాగితం మడవడం, కత్తిరించడం, అల్లడం పాఠాలుగానే ఉండేవి. మరియా మాంటిసోరి గారు 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఎందరో ఉపాధ్యాయులకు తర్ఫీదిచ్చినారు. ఆమె పద్ధతిలో చెక్క చట్రాలకు గుడ్డ బిగించి, ఒకదానికి బొత్తాలు, ఒకదానికి కొక్కేలు, ఒకదానికి ముడివేసే నాడాలు పెట్టి పిల్లలకిస్తారు. బట్ట తొడుక్కోవడమే ఆ పాఠం. మన గాంధీ మహాత్ములు 1937లో వార్ధాలో చెప్పిన విద్యా విధానంలో చేతిపనే అన్ని పాఠాలకు ఇరుసు. ఇప్పుడు తమిళనాడు ప్రభుత్వ బడులలో 2022 నుండి "ఎణ్ణుం ఎళుత్తుం" అనే పథకం క్రింద చిన్న తరగతుల పిల్లలకు ఆటపాటలతో చదువు చెబుతున్నారు. పద్ధతి మంచిదని అందరూ ఒప్పుకొన్నదే. మన ఇంటి భాషకు ఆ పద్ధతిని ఎవరు వాడాలి? మనమే వాడాలి.

అందుకని నిరుడు వేసవి సెలవులలో మన సంఘంవారి అనుమతితో కల్యాణ మండపం వెనుక వరండాలో ఆదివారం ఉదయం పిల్లలను కూర్చుండబెట్టినాము. మొదటి వారం ఐదుగురు, నాలుగవ వారానికి పదునాలుగు మంది. బొమ్మ చేసే విధానం చదువరులకు పనికివస్తుందని వివరంగా వ్రాస్తున్నాము.

పాత పెళ్ళి శుభలేఖలు, క్యాలెండరు అట్టలు ప్రతి ఇంటా ఉంటవి. శివకాశి ప్రక్కన కాపురముండే వారికి అచ్చుకాగితానికి కరవా! అట్ట మీద గోధుమరంగు కాగితం మైదాజిగురుతో అంటించి ఒక పూట బరువు క్రింద ఆరనివ్వాలి. బొమ్మను తొమ్మిది ముక్కలుగా కత్తిరించాలి. తల, మెడ, మొండెం కలిపి ఒక ముక్క. భుజం నుండి మోచేతి వరకు రెండు. మోచేయి నుండి వ్రేళ్ళ వరకు రెండు. తొడలు రెండు. మోకాలి నుండి పాదం వరకు రెండు. వీనిని కలిపే కీళ్ళు ఎనిమిది. కీలున్న చోట చిల్లు పొడిచి, ఫైలు కట్టే ట్యాగుదారం దూర్చి ముడివేయాలి. ఇక్కడ మా గుమాస్తాగిరి అక్కరకు వచ్చింది. ఇరవై ఏండ్లుగా కాగితాలకు చిల్లులు పొడిచే చెయ్యి ఇది! ట్యాగులు మాత్రం దుకాణంలో మా డబ్బుతో కొన్నవే, ఆఫీసు సొత్తు ముట్టలేదని మనవి.

చిల్లు పొడిచే ముందు పిల్ల ఆ కీలు పేరు చెప్పాలి. ఇది మా నియమం. "తుంటి" అంటే తుంటికి చిల్లు. పేరు చెప్పకపోతే కాలు లేదు. కాలు కావాలనే ఆశతో పేరు దానంతట అదే వచ్చింది. మా ఎదురింటి పిల్లవాడొకడు మోకాలిని మోచేతికి, మోచేతిని మోకాలికి మార్చి చెప్పి, చేతులతో నడిచే బొమ్మను తయారు చేసినాడు. అందరూ నవ్వినారు, వాడూ నవ్వినాడు, ఆ రెండు పేర్లు మరి వాడు మరువడు. అట్ట వెనుక ప్రతి ముక్క మీద పేరు రెండు భాషలలో వ్రాయించినాము. తెలుగు లిపి రానివారు తెలుగు మాటను తమిళ అక్షరాలలోనే వ్రాసుకొన్నారు. మాట ముందు బ్రతకనీ, లిపి వెనుక వస్తుంది.

కొలతలు స్కేలుతో తీయలేదు. మన పెద్దలకు ఒళ్ళే కొలబద్ద. నాలుగు వ్రేళ్ళ వెడల్పు బెత్తెడు. చాపిన బొటనవ్రేలి నుండి చిటికెనవ్రేలి వరకు జానెడు. మోచేతి నుండి నడిమివ్రేలి కొన వరకు మూరెడు. రెండు చేతులూ బారచాపితే బారెడు. చిటికెడు ఉప్పు, పిడికెడు బియ్యం, దోసెడు పూలు, అన్నీ ఒంటి కొలతలే. దేశంలో మీటరు కొలతలకు 1956లో చట్టం వచ్చినా, నేటికీ కోవిల్‌పట్టి బజారులో మల్లెపూలు అమ్మే అమ్మ మూర వేసే ఇస్తుంది. "నీ మూర పొట్టిదమ్మా" అని కొనేవారు, "నా చెయ్యి దేవుడిచ్చినదే" అని అమ్మేవారు. పిల్లలచేత దారం పట్టించి వారి ఎత్తూ, వారి బారా కొలిపించినాము. ప్రతివారి ఎత్తూ దాదాపు వారి బారెడే! వారికి అది గారడీ అయింది. ఇంటికి పోయి తాతను, అవ్వను, పాలమ్మే ఆయనను కూడా కొలిచినారట.

బొమ్మకు ఒళ్ళు కుదిరింది. ఇక బట్ట. కాగితపు బట్టకు అంచున చిన్న మడతలు వదలి, వానిని బొమ్మ వెనుకకు మడిస్తే బట్ట నిలుస్తుంది. వానికి పిల్లలు చెవులు అని పేరు పెట్టినారు. చెవులు ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. చొక్కా దేని మీద నిలుస్తుంది? భుజం మీద. పావడ? నడుము మీద. పంచె కూడా నడుము మీదనే. తలపాగా? నెత్తి మీద. తువ్వాలు? భుజం మీదనో, నడుముకో, అది ఎదుట ఉన్న మనిషిని బట్టి! ఒక పిల్ల పావడకు చెవులు మోకాళ్ళ దగ్గర పెట్టింది, పావడ జారిపోయింది. మేము ఏమీ చెప్పలేదు. తానే కత్తిరించి నడుముకు ఎక్కించింది.

బట్టల పేర్లలోనూ మనకు రావలసిన ఆస్తి ఉన్నది. తమిళుల ఉడుప్పు, మన పాత పుస్తకాలలోని ఉడుపు ఒక్కటే. వారి రవిక్కై మన రవికె. మనం ఓణీ అంటే వారు దావణి అంటారు. పంచెను వేట్టి అంటారు. ఈ నాట మనవాళ్ళు కూడా చొక్కాను సట్టై అనడం మరిగినారు. దానికేమి, రెండూ తెలిస్తే రెండూ మనవే. కాని కుచ్చిళ్ళు, కొంగు, పైట, అంచు అనే మాటలు ఎనిమిదేండ్ల ఆడపిల్లకు తెలియలేదంటే, చీర కట్టే తల్లులే తక్కువైనారని అర్థం. దర్జీ దుకాణంలో అడిగి తెచ్చిన గుడ్డపీలికలతో చీర కట్టించినాము. చీరకు కుట్టు లేదు. సుమారు ఐదున్నర మీటర్ల గుడ్డ, సన్నని వారికీ లావు వారికీ అదే. కాగితంతో చీర రాదని, గుడ్డకే ఆ ఒదుగు ఉన్నదని పిల్లలు చేతులతో తెలుసుకొన్నారు. ప్రక్కనున్న అరుప్పుకోట్టైలో మగ్గాలున్నవని, రాజపాళయం దగ్గరి చత్రపట్టిలో గాయాలకు కట్టే గుడ్డ నేస్తారని అప్పుడు చెప్పినాము. ఒక పిల్ల వెంటనే తన బొమ్మ మోకాలికి కట్టు కట్టింది!

మరొక పాఠం మేము అనుకోనిది. ఒక పిల్లవాడు పొడుగుచేతుల చొక్కా వేసినాడు. చొక్కా అందంగానే ఉన్నది గాని బొమ్మ మోచేయి వంగదు. "అన్నా, ఇది అన్నం ఎట్లా తింటుంది?" అని ప్రక్కపిల్ల అడిగింది. వాడు ఆలోచించి చొక్కా చేతిని మోచేతి దగ్గర రెండు ముక్కలు చేసినాడు. మరునాడు మేము దర్జీ ఆయనకు ఈ సంగతి చెబితే, "అంతే సార్, చంక దగ్గర వదులు లేకపోతే చెయ్యి లేవదు, పిరుదుల దగ్గర వదులు లేకపోతే మనిషి కూర్చోలేడు, కుట్టుపని అంతా కీళ్ళ లెక్కే" అన్నాడు. బట్ట అందానికి ముందు కీలును గౌరవించాలి. ఎనిమిదేండ్ల పిల్లవాడు అట్టముక్కతో ఆ సూత్రాన్ని పట్టుకొన్నాడు.

తరువాతి వారం ఒక్కొక్కరికి ఒక్కొక్క పని చెప్పి దానికి తగిన దుస్తులు వేయమన్నాము. ఎండలో నాగలి పట్టే తాతకు తలపాగా వచ్చింది. నర్సమ్మకు జేబు వచ్చింది. రైలు పట్టాల మీద పని చేసేవారికి కండ్లకు కనిపించే నారింజరంగు చొక్కా వచ్చింది. ఒక పిల్ల బొమ్మకు వానకోటు వేసింది. "మన ఊళ్ళో వాన ఎక్కడిదే?" అని అడిగితే, "ఐప్పసిలో వస్తుందని అవ్వ చెప్పింది, వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి గదా" అన్నది. కరిసల్ రైతు మనసు ఆ పిల్ల రక్తంలోనే ఉన్నది.

ఇంకొక్క మాట తల్లులతో చెప్పాలి. ఒంటిలో కొన్ని చోట్లకు మనం పేరు పెట్టము, సిగ్గుతో "ఛీ" అంటాము. పేరు లేని చోట కష్టం కలిగితే బిడ్డ ఏమని చెబుతుంది? పిల్లల రక్షణకు 2012లో ప్రత్యేక చట్టం వచ్చింది గాని, చట్టం తలుపు తట్టాలంటే ముందు బిడ్డ నోరు తెరవాలి. అట్టబొమ్మకు లోగుడ్డ వేసేటప్పుడు, "ఈ గుడ్డ క్రింది చోటు నీది, అమ్మ స్నానం చేయించేటప్పుడో, అమ్మ ప్రక్కన ఉండగా వైద్యులో తప్ప మరెవరూ ముట్టరాదు, ముడితే వెంటనే నాకు చెప్పు" అని తల్లి ఇంటిభాషలో మెల్లగా చెప్పవచ్చును. మేము తరగతిలో చెప్పలేని ఆ పాఠాన్ని ఇద్దరు ముగ్గురు తల్లులు ఇంట చెప్పినారని మా ఇంటావిడ ద్వారా తెలిసింది.

ఈ నేలలో పిల్లల చేతుల గురించి మాట్లాడేవారు ఒక పాత సంగతిని దాటిపోరాదు. శివకాశికి చెందిన పి. అయ్య నాడారు, ఎ. షణ్ముగ నాడారు గార్లు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చి 1923 ప్రాంతాన ఇక్కడ ఆ పరిశ్రమను నెలకొల్పినారు. వానలేని ఈ సీమకు అది అన్నం పెట్టింది, నిజమే. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ఇండ్లలో ఎన్నో పొయ్యిలు దానివల్లనే వెలిగినవి. కాని ఎన్నో ఏండ్లు పెట్టెలు అంటించినవీ, పుల్లలు పేర్చినవీ పసిచేతులే. తెల్లవారకముందే బస్సులు వచ్చి పల్లెల నుండి పిల్లలను తీసుకుపోయేవి. 1986లో పధ్నాలుగేండ్ల లోపు పిల్లలను అగ్గిపుల్లల పనిలో పెట్టరాదని చట్టం వచ్చింది. శివకాశి పిల్లల గురించి ఎం.సి. మెహతా గారు వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, పిల్లను పనిలో పెట్టిన యజమాని ఒక్కొక్క బిడ్డకు 20,000 రూపాయలు సంక్షేమనిధికి కట్టాలన్నది.

మా ఆదివారం తరగతికి మనుమరాలిని తీసుకువచ్చే ఒక అక్క ఉన్నది. పిల్లలు అట్ట అంటించడానికి తంటాలు పడుతుంటే ఆమె కూర్చొని, ఒక్క వ్రేలితో జిగురు తీసి, చూస్తుండగానే పది ముక్కలు అంటించింది. ఆశ్చర్యపడి అడిగితే, "తొమ్మిదేండ్లప్పుడు నేర్చినది తమ్ముడూ, గ్రోసుకు ఇంతని కూలి. బడికి పోలేదు" అన్నది. తరువాత తన వ్రేళ్ళను చూసుకొంటూ, "ఈ వ్రేళ్ళకు పేర్లున్నవని ఎవరూ చెప్పలేదు" అన్నది. ఆనాడు ఆమెకు కూడా ఒక బొమ్మ చేసి ఇచ్చినాము. చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపు వ్రేలు అని మనుమరాలే ఆమెకు నేర్పింది.

కనుక చేతిపని అంతా ఒకటి కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో ఒక పూట బడి, మిగిలిన పూట తల్లిదండ్రుల వృత్తి అనే పద్ధతి తెచ్చినప్పుడు పెద్ద అలజడి రేగింది. 1954లో ముఖ్యమంత్రి అయిన మన విరుదునగరం కామరాజ్ గారు దానిని ఎత్తివేసినారు. ఆ తరువాత పిల్లలకు బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టినారు. పుట్టుకను బట్టి పిల్ల చేతికి పని అంటగట్టడం ఒకటి, పిల్ల తెలివి పెరగడానికి చేతికి పని ఇవ్వడం మరొకటి. మొదటిదానిలో చెయ్యి అరుగుతుంది, రెండవదానిలో చెయ్యి నేర్చుకొంటుంది. మా తరగతిలో మగపిల్లలూ సూది పట్టినారు, ఆడపిల్లలూ చిల్లులు పొడిచినారు. ఎవరి బొమ్మకు ఏ పని అన్నది చీటీలు తీసి నిర్ణయించినాము.

కొందరు మిత్రులు, "ఈ తెలుగు ముక్కలతో పరీక్ష మార్కులు వస్తవా? ఉద్యోగం వస్తుందా?" అని అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. 2006 చట్టం తరువాత తమిళనాట బడులలో తమిళం తప్పనిసరి. తమిళం బాగా నేర్చుకోవలసినదే, అది మన ఊరి భాష. ఇంగ్లీషూ నేర్చుకోవలసినదే. మా బొమ్మ వెనుక తమిళం పేరూ ఉండడం అందుకే. రెండు పేర్లు ప్రక్కప్రక్కన చూసిన పిల్లకు విలా, డొక్క రెండూ జ్ఞాపకముంటవి. తమిళం మాట్లాడే ఇరుగుపొరుగు పిల్లలు ఇద్దరు తామే వచ్చి చేరినారు. "మోకాలు, ముళంగాల్, చుట్టాలే సార్" అని వారే కనిపెట్టినారు. ఇంటిభాష నేర్చుకొన్నందువల్ల వీధిభాష చెడదు. మార్కులు రాకపోవచ్చును గాని, అవ్వ నొప్పి ఎక్కడో మనుమడికి తెలుస్తుంది. మాకు అది చాలు.

ఖర్చు సంగతి కూడా చెప్పి ముగిస్తాము. పదునాలుగు మంది పిల్లలకు రెండు నెలలకు ట్యాగులు, మైదా, నాలుగు కత్తెరలు కలిపి ఆరువందల రూపాయలు లోపలే అయినవి. అట్టలు, గుడ్డపీలికలు అడిగి తెచ్చినవే. ఏ ఊరి సంఘమైనా చేయవచ్చును. చదువరులను మేము కోరేది ఒక్కటే. మీ ఇంట అవ్వ, తాత ఉంటే ఈ ఆదివారం ప్రక్కన కూర్చొని, నడినెత్తి నుండి అరికాలి వరకు ఒక్కొక్క చోటు చూపిస్తూ పేరు అడిగి వ్రాసుకోండి. ఏ లిపిలోనైనా సరే. ఊరు మారితే మాట కొంచెం మారుతుంది. సాత్తూరువారు చెప్పినది మాకు తెలియకపోవచ్చును, మాది రాజపాళయంవారికి క్రొత్త కావచ్చును. ఆ పట్టికలు ఈ పత్రిక కార్యాలయానికి పంపితే, వచ్చే వేసవికి పిల్లల బొమ్మల వెనుక ఆ పేర్లన్నీ వ్రాయిస్తాము. మా అమ్మ ఇచ్చిన పట్టికలో ఇప్పటికి యాభైమూడు ఉన్నవి. నిన్న మళ్ళీ పిలిచి, "పంటి చిగురు వ్రాసినావా?" అని అడిగింది. వ్రాసినాము, యాభైనాలుగు.